ఆరు వారాల డాక్టరు, ఆరు నెలల జబ్బు: హౌరా చెప్పే చరిత్ర

ఈ వ్యాసాన్ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం.

జర్మనీలో పనిచేసే ఒక డాక్టరు తన సెలవుల్లో ఆరు వారాలు ఉచితంగా వైద్యం చేయడానికి హౌరా వచ్చారనుకోండి. ఆయన చూసిన మొదటి రోగికి క్షయ అని తేలింది. క్షయకు మామూలు చికిత్సే కనీసం ఆరు నెలలు, అంటే దాదాపు 26 వారాలు. 26ని 6తో భాగించండి. నాలుగు దాటుతుంది. రోగి చివరి మాత్ర మింగే రోజుకి డాక్టర్లు నలుగురు మారిపోయి ఐదో ఆయన కుర్చీలో ఉంటారు. మందు రాసిన మొదటి డాక్టరు అప్పటికే తన దేశంలో తన ఉద్యోగం చేసుకుంటూ ఉంటారు.

మరి ఆ రోగిని బతికించింది ఎవరు?

విదేశానికి వెళ్లి స్వచ్ఛందంగా వైద్యం చేయడం గురించి ఎథిక్స్ పేపర్లోనో, వ్యాసం పేపర్లోనో రాయాల్సి వస్తే మనలో చాలామంది "త్యాగం", "కరుణ", "విశ్వమానవ ప్రేమ" అని నాలుగు మాటలు రాసి ఊరుకుంటాం. ఆ మాటలు తప్పు కాదు. కానీ పైనున్న లెక్కకు అవి జవాబు చెప్పవు. జవాబు కావాలంటే చరిత్రలోకి వెళ్లాలి. అందుకు హౌరా కంటే మంచి చోటు నాకు దొరకలేదు.

హౌరాయే ఎందుకు?

మనలో చాలామందికి హౌరా అంటే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ వెళ్లి ఆగే స్టేషను, 1943లో తెరిచిన పెద్ద వంతెన. అసలు హౌరా హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కోల్‌కతాకు ఎదురుగా ఉన్న వేరే నగరం, వేరే జిల్లా. 1854 ఆగస్టు 15న తూర్పు భారతదేశపు మొదటి ప్రయాణికుల రైలు ఇక్కడి నుంచే హుగ్లీకి బయలుదేరింది. రైలు వెంట జనపనార మిల్లులు, ఇనుప పోత కర్మాగారాలు పెరిగాయి. బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి, మన ఉత్తరాంధ్ర నుంచి కూడా కూలీలు హుగ్లీ తీరపు మిల్లులకు వలస వచ్చారు.

1947లో దేశ విభజన జరిగాక మిల్లులు ఇటు మిగిలాయి. మేలు రకం జనపనార పండే పొలాల్లో ఎక్కువ భాగం తూర్పు పాకిస్తాన్‌కు పోయాయి. తర్వాత ప్లాస్టిక్ సంచుల పోటీ, మూతపడిన కర్మాగారాలు. పని తగ్గినా జనం తగ్గలేదు. ఇరుకు గదులు, తడి గోడలు, గాలి ఆడని ఇళ్లు, చాలీచాలని తిండి: క్షయకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు. జీఎస్-1లో మీరు చదివే "పారిశ్రామిక క్షీణత", "పట్టణ మురికివాడలు" అన్న అంశాలు హౌరా బస్తీలో ఒకే గదిలో కలిసి కనిపిస్తాయి. విదేశీ వైద్య సేవకులు ఈ ఊరిని వెతుక్కుంటూ రావడానికి కారణం ఇదే.

మొదటి అడుగు: 1898, బేలూరు

రామకృష్ణ మఠం కేంద్రమైన బేలూరు హౌరా జిల్లాలోనే ఉంది. ఐర్లండ్‌లో పుట్టిన మార్గరెట్ నోబుల్ 1898 జనవరిలో కలకత్తా చేరి, ఆ ఏడాది కొన్నాళ్లు బేలూరులో నది ఒడ్డునే ఉన్నారు. మార్చిలో వివేకానందుడు ఆమెకు నివేదిత అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది కలకత్తాలో ప్లేగు చెలరేగింది. 1899 మార్చిలో రామకృష్ణ మిషన్ ఏర్పాటు చేసిన సేవా సంఘానికి ఆమె కార్యదర్శి. వీధులు శుభ్రం చేయించే పనిని స్వామి సదానంద చూశారు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. నివేదిత డాక్టరు కాదు, టీచరు. ప్లేగుకు అప్పట్లో ఖాయమైన మందు కూడా లేదు. ఆమె చేసింది చందాలు పోగేయడం, కరపత్రాలు పంచడం, విద్యార్థులను కూడగట్టడం, అవసరమైతే తానే చీపురు పట్టడం, రోగుల పక్కన కూర్చోవడం. బయటి నుంచి వచ్చిన ఒక మనిషి ఊరి మనుషుల చేత ఊరి పని చేయించడం అన్న పద్ధతి ఇక్కడే కనిపిస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

దిశ మారితే: 1938, చైనా

బయటివాళ్లు మన దగ్గరికి రావడమే కాదు, మన డాక్టర్లు బయటికి వెళ్లిన చరిత్ర కూడా ఉంది. ప్రిలిమ్స్ దృష్ట్యా ఇది చాలా ముఖ్యం. 1937లో జపాన్ చైనా మీద దాడి చేసింది. చైనా సేనాని జూ డే వైద్య సాయం కోరుతూ నెహ్రూకు లేఖ రాశారు. అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ ప్రజలకు పిలుపునిచ్చారు. ఐదుగురు డాక్టర్ల బృందం 1938 సెప్టెంబరు 1న బొంబాయి నుంచి ఓడ ఎక్కింది. బృంద నాయకుడు మదన్ అటల్, ఆయనకు అంతకుముందే స్పెయిన్ అంతర్యుద్ధంలో వైద్యం చేసిన అనుభవం ఉంది. మిగతావారు చోల్కర్, ద్వారకానాథ్ కోట్నిస్, దేబేశ్ ముఖర్జీ, బిజయ్ కుమార్ బసు. చివరి ఇద్దరూ బెంగాల్ వాళ్లు.

మనకు పాఠ్యపుస్తకాల్లో కోట్నిస్ పేరే ఎక్కువగా కనిపిస్తుంది. సహజమే. ఆయన తిరిగి రాలేదు. చైనా భాష నేర్చుకున్నారు, కెనడా డాక్టరు నార్మన్ బెథూన్ పేరిట ఉన్న అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి అధిపతి అయ్యారు, అక్కడి వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పారు, గువో చింగ్‌లాన్ అనే చైనా నర్సును పెళ్లాడారు. 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ల వయసులో మరణించారు.

కానీ బసు కథ కూడా అంతే విలువైనది. ఆయన 1943లో కలకత్తా తిరిగొచ్చారు. 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి ఇక్కడ దానికి పునాది వేశారు. 1996లో పశ్చిమ బెంగాల్ ఆక్యుపంక్చర్‌కు ప్రత్యేక చట్టం చేయడం వెనుక ఆ పునాది ఉంది. అంటే వైద్యం నేర్పడానికి వెళ్లిన మనిషి నేర్చుకుని తిరిగొచ్చారు. సేవ ఒకవైపే నడిచే దారి కాదని చెప్పడానికి మీ జవాబులో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పీల్‌ఖానా: వచ్చి ఉండిపోయినవాళ్లు

మళ్లీ హౌరాకు వద్దాం. స్టేషనుకు ఎంతో దూరం లేని బస్తీ పేరు పీల్‌ఖానా. పారశీకంలో పీల్ అంటే ఏనుగు, ఖానా అంటే ఇల్లు. ఒకప్పటి ఏనుగుల కొట్టం అన్నమాట. 1965లో భారతదేశానికి వచ్చిన ఫ్రెంచి మతాచార్యుడు ఫ్రాన్సువా లాబోర్డ్ ఈ బస్తీలోనే ఇల్లు తీసుకున్నారు. ఆయన కూడా డాక్టరు కాదు. స్థానికులతో కలిసి సేవా సంఘ్ సమితిని నిలబెట్టారు. 1976లో దివ్యాంగ పిల్లల కోసం హౌరా సౌత్ పాయింట్ అనే సంస్థను మొదలుపెట్టారు. 2020లో చనిపోయేదాకా ఆయన బెంగాల్ విడిచి వెళ్లలేదు.

1972లో గాస్తోన్ గ్రాంజాన్ అనే స్విట్జర్లాండ్ నర్సు అదే బాటలో వచ్చారు. నర్సు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. బస్తీలో రోజూ కనిపించే జబ్బులు ఏమిటి? విరేచనాలు, పుండ్లు, గజ్జి, దగ్గు, జ్వరం, కాన్పు తర్వాతి నీరసం. వీటిలో చాలావాటికి పెద్ద సర్జన్ అక్కర్లేదు. గాయం కడగడం, మందు వేళకు ఇవ్వడం, పరిస్థితి విషమిస్తే ఆసుపత్రికి పంపడం తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి రేపు కూడా అక్కడే ఉండాలి. గాస్తోన్ ఉన్నారు. దయానంద్ అన్న పేరు తీసుకున్నారు, భారత పౌరసత్వం తీసుకున్నారు, తర్వాత హౌరా జిల్లా పల్లెల్లోకి వెళ్లి పని కొనసాగించారు.

కోట్నిస్, లాబోర్డ్, గాస్తోన్, ముగ్గురిదీ ఒకే పద్ధతి. వచ్చారు, భాష నేర్చారు, ఉండిపోయారు. అయితే ప్రతి డాక్టరూ జీవితాంతం ఉండిపోలేరు కదా? ఇల్లు, అప్పు, పిల్లలు, ఉద్యోగం అందరికీ ఉంటాయి. కొద్ది వారాలు మాత్రమే ఇవ్వగలిగినవాళ్ల సేవకు విలువ లేదా?

ఆరు వారాల లెక్కకు జవాబు

1983లో జర్మనీలో ఒక జెసూట్ మతాచార్యుడు ఒక సంస్థను స్థాపించారు. ఇప్పుడు దాని పేరు జర్మన్ డాక్టర్స్. పద్ధతి సరళం: డాక్టర్లు జీతం లేకుండా, సాధారణంగా ఆరు వారాలు, ఒక పేద దేశంలోని క్లినిక్‌లో పనిచేస్తారు. ఒకరు వెళ్లగానే ఇంకొకరు వస్తారు. ఈ డాక్టర్లు దశాబ్దాల పాటు కోల్‌కతా, హౌరా బస్తీల్లో పనిచేశారు. హౌరా సౌత్ పాయింట్ వారికి ఇక్కడి భాగస్వామి.

ఇప్పుడు మొదటి లెక్కను మళ్లీ చూడండి. క్షయకు మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు అంతకంటే తక్కువ మందులు. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి కూలికి వెళ్లడం మొదలుపెడతాడు. చాలామంది మందు మానేసేది అక్కడే. మధ్యలో మానేస్తే లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది. అప్పుడు చికిత్స ఇంకా పొడుగు, ఇంకా కష్టం, పైగా అతని నుంచి ఇంట్లోవాళ్లకు అంటుకునేది కూడా ఆ మొండి రకమే. ఇందులో కీలకమైన రోజు డాక్టరు జబ్బు కనిపెట్టిన రోజు కాదు. మూడో నెలలో రోగి "ఇక చాలు" అనుకున్న రోజు. ఆ రోజు అతని తలుపు తట్టేది జర్మన్ డాక్టరు కాదు. ఆ వీధి పేరు, ఆ భాష, ఆ ఇంటి అత్తగారి కోపం తెలిసిన స్థానిక ఆరోగ్య కార్యకర్త.

విదేశీ డాక్టరుకు బెంగాలీ రాదు, హిందీ రాదు. రోగి చెప్పింది దుబాసీ ద్వారానే వినాలి. వాడిన మందేమిటో, ఎప్పటినుంచి వాడుతున్నారో ముందటి డాక్టరు రాసిన కాగితం చూసే తెలుసుకోవాలి. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు షిఫ్టు మారేటప్పుడు చేసే అప్పగింత తెలుసు. రాత్రి షిఫ్టువాడు రాసి పెట్టకపోతే పొద్దున షిఫ్టువాడు గుడ్డివాడే. ఇక్కడా అంతే. దుబాసీ, కార్యకర్త, కాగితం మూడూ ఉంటే ఆరు వారాల డాక్టరు గొలుసులో ఒక కొక్కెం. లేకపోతే వచ్చి ఫొటో దిగి వెళ్లిన అతిథి.

ఈ మాట సొంత కవిత్వం కాదు, మన దేశపు పరిశోధనే దీనికి ఆధారం. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం మొదలైంది. బ్రిటిష్ డాక్టరు వాలెస్ ఫాక్స్, భారతీయ సహచరులతో కలిసి ఒక ప్రశ్న వేశారు: రోగిని శానటోరియంలో ఉంచాలా, ఇంట్లోనే మందులిస్తే చాలా? 1959లో వెలువడిన ఫలితం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. సరిగ్గా మందు వాడితే ఇంటి చికిత్స కూడా దాదాపు శానటోరియం చికిత్సతో సమానం. అంటే చికిత్స కేంద్రబిందువు ఆసుపత్రి మంచం నుంచి పేదవాడి గదికి మారింది. 1997 నుంచి దేశంలో విస్తరించిన డాట్స్ విధానానికి, మన ఎదుటే మందు మింగించడం అన్న నియమానికి మూలం ఈ ఆలోచనే.

1971లో బెంగాల్‌లోనే ఇంకో రుజువు దొరికింది. బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల్లో కలరా వ్యాపించినప్పుడు, సరిహద్దు ఊరు బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబీస్ దగ్గర సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. ఆయన ఉప్పు, సోడా ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తయారు చేయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. నైపుణ్యం డాక్టరు చేతి నుంచి అమ్మ చేతికి మారినప్పుడే ప్రాణాలు పెద్ద సంఖ్యలో నిలిచాయి. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

వంతెనకు అవతల: చట్టం మాటేమిటి?

మనసు మంచిదైతే అనుమతి అక్కర్లేదా? ఈ ప్రశ్నకు కూడా ఒక నిజమైన ఉదాహరణ ఉంది. బ్రిటిష్ డాక్టరు జాక్ ప్రెగర్ మొదట వేల్స్‌లో రైతు. తర్వాత వైద్యం చదివి 1972లో బంగ్లాదేశ్ వెళ్లారు. అక్కడి నుంచి పంపేయడంతో 1979 ప్రాంతంలో కలకత్తా చేరారు. మిడిల్టన్ రోలో ఫుట్‌పాత్ మీదే ఏళ్ల తరబడి రోగులను చూశారు. ఇక్కడా అనుమతుల విషయంలో కేసు నడిచింది, కొన్నాళ్లు జైల్లోనూ ఉన్నారు. చివరికి కేసు వీగిపోయింది. ఆయన పని కలకత్తా రెస్క్యూ అనే రిజిస్టరైన సంస్థగా నిలబడింది. 2019లో ఆయన బ్రిటన్ వెళ్లిపోయారు. సంస్థ మాత్రం ఇక్కడి సిబ్బందితో నడుస్తూనే ఉంది.

ఎథిక్స్ పేపర్లో దీన్ని "కరుణ గొప్పది, చట్టం కఠినమైనది" అని తేల్చేయకండి. రెండు వైపులూ చూడండి. ఫుట్‌పాత్ మీది రోగికి ఆ రోజు వేరే డాక్టరు లేడు. అది నిజం. కానీ అర్హత తనిఖీ చేయకుండా ఎవరినైనా వైద్యం చేయనిస్తే నష్టపోయేది కూడా ఆ పేదవాడే, ఎందుకంటే ఫిర్యాదు చేసే శక్తి అతనికి లేదు. మన చట్టం మధ్యేమార్గం పెట్టింది. తన దేశంలో రిజిస్టరైన విదేశీ డాక్టరుకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చే వీలు జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లో ఉంది. విదేశీ నిధులకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంది. సేవ చేసేవారికి ఇవి ఆటంకంగా కనిపించవచ్చు. రోగి వైపు నుంచి చూస్తే రక్షణ.

కథానాయకుడు ఎవరు?

పీల్‌ఖానా నేపథ్యంగా డొమినిక్ లాపియెర్ 1985లో సిటీ ఆఫ్ జాయ్ రాశారు. రాయల్టీలో సగం కోల్‌కతా సేవలకే ఇచ్చారు, 2008లో పద్మభూషణ్ అందుకున్నారు. 1992లో సినిమా వచ్చింది. అందులో ప్యాట్రిక్ స్వేజ్ అమెరికా డాక్టరు. నగరంలో చిత్రీకరణ జరిగేటప్పుడు పెద్ద ఎత్తున నిరసనలు జరిగాయి. మా ఊరి పేదరికాన్ని అమ్ముకుంటున్నారన్నది ఒక ఆరోపణ.

ఆ గొడవలో ఒక పక్షం తీసుకోవాల్సిన పని లేదు. కానీ ఒకటి చూడండి. తెర మీద డాక్టరు ముఖం కనిపించినంతగా దుబాసీ ముఖం, మందుల పెట్టె మోసే కార్యకర్త ముఖం ఎప్పుడూ కనిపించవు. చరిత్ర రాసేటప్పుడు కూడా మనం అదే చేస్తాం. అందుకే పేర్లు దొరికిన చోట ఆగకుండా, పేర్లు దొరకని పనిని కూడా జవాబులో రాయండి.

మన నేలకు వస్తే

1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె నిర్మించిన ఆసుపత్రిని ఊరు కుగ్లర్ ఆసుపత్రి అనే పిలిచింది. 1969లో అనంతపురం వచ్చిన స్పెయిన్ వ్యక్తి విన్సెంట్ ఫెర్రర్ డాక్టరు కాకపోయినా ఆయన సంస్థ బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి కట్టింది. రెండు చోట్లా వ్యవస్థాపకులు పోయాక కూడా ఇక్కడి నర్సులు, ఇక్కడి డాక్టర్లు పని కొనసాగించారు. హౌరా పాఠమే గుంటూరు, అనంతపురాల్లోనూ కనిపిస్తుంది.

జవాబు ఎలా రాయాలి?

నేనైతే మూడు ప్రశ్నల చుట్టూ రాస్తాను. మీకు నచ్చితే వాడుకోండి.

ఒకటి, వచ్చినవారు వెళ్లిపోయాక పని ఎవరి చేతిలో ఉంది? రెండు, రోగి తన బాధను తన భాషలో చెప్పుకోగలిగాడా? మూడు, తప్పు జరిగితే రోగి ఎవరిని అడగాలి? మొదటిది కొనసాగింపు, రెండోది గౌరవం, మూడోది జవాబుదారీతనం. నివేదిత నుంచి ప్రెగర్ దాకా ఏ ఉదాహరణనైనా ఈ మూడింటి మీద పెట్టి తూచండి. ఎవరూ మూడింటిలోనూ పూర్తి మార్కులు తెచ్చుకోరు. ఆ తేడాలు రాయడమే విశ్లేషణ.

మీలో ఎంబీబీఎస్, నర్సింగ్ చదివినవాళ్లు ఉన్నారు. రేపు ఏ ఆఫ్రికా దేశానికో, నేపాల్‌కో కొద్ది వారాల సేవకు వెళ్లే అవకాశం రావచ్చు. తప్పకుండా వెళ్లండి. వెళ్లేముందు మీ తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో అడగండి. వెనక్కి వచ్చేముందు రోగుల కాగితాలు తర్వాతివారికి అర్థమయ్యేలా రాసి పెట్టండి. సర్వీసులోకి వెళ్లేవాళ్లకు కూడా ఇదే. జిల్లాలో మీ పదవి రెండు మూడేళ్లే. ఆశా కార్యకర్త అదే ఊళ్లో ఇరవై ఏళ్లు ఉంటుంది. మనమూ ఒకరకంగా ఆరు వారాల డాక్టర్లమే.

సాధన ప్రశ్న: "స్వచ్ఛంద సేవ విలువను సేవకుడి త్యాగంతో కాక, అతను వెళ్లిపోయాక మిగిలిన వ్యవస్థతో కొలవాలి." తగిన చారిత్రక ఉదాహరణలతో చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు. గడియారం పెట్టుకుని ఈ రోజే రాయండి.